పిల్లల ఫుటీ కిక్: తేడా ఎక్కడుంది, ఎలా సరిచేయాలి

మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్, పాయింట్ కుక్, ట్రుగనీనా లాంటి చోట్ల మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. బడిలో తోటి పిల్లల్ని చూసి మన పిల్లలూ ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో, అంటే ఇక్కడ అందరూ ఫుటీ అనే ఆటలో చేరుతున్నారు. క్రికెట్ అయితే బ్యాటు అడ్డంగా వచ్చిందని గట్టు మీద కూర్చునే చెప్పేస్తాం. ఫుటీకి వచ్చేసరికి మన కంటికి ఆనేది ఒక్కటే, బంతి ఎంత దూరం పోయిందన్నది. మావాడి మొదటి సీజన్ అంతా నేనూ అదే చూశాను. తర్వాత నాలుగేళ్లుగా వాడి క్లబ్‌లోనే మంగళ, గురువారాల ప్రాక్టీస్‌లో కోచ్‌కి సాయంగా నిలబడుతున్నాను. పిల్లల కిక్ గురించి తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే.

ముందు ఒక్క మాట. ఈ రోజుల్లో ఆటలో ఎక్కువగా వాడే కిక్ డ్రాప్ పంట్. కోలగా ఉండే బంతిని నిలువుగా పట్టుకుని, ఏ కాలితో కొడతామో ఆ వైపు చేత్తో కిందికి వదిలి, బంతి కింది కొనను పాదం పైభాగంతో కొట్టాలి. అప్పుడు బంతి వెనక్కి దొర్లుతున్నట్టు తిరుగుతూ నిలకడగా పోతుంది, అవతలివాడు పట్టుకోవడం తేలికవుతుంది. కనీసం 15 మీటర్లు ప్రయాణించిన కిక్‌ని ఎవరూ తాకకముందే పట్టుకుంటే అది మార్క్. పట్టుకున్నవాడు ఎవరూ మీద పడకుండా తాపీగా తర్వాతి కిక్ కొట్టుకోవచ్చు. అందుకని కిక్ విలువ తెలిసేది అందుకునేవాడి చేతుల్లోనే.

చూడడం కూడా ఒక పద్ధతిలో చూడాలి. పది కిక్‌లు పిల్లవాడి వెనక నుంచి, పది పక్క నుంచి ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి తీయండి. పాదం బంతికి తగిలే సమయం సెకనులో నూరో వంతు ఉంటుందేమో, అది మామూలు కంటికి అందదు. దానికి ముందు జరిగేది మాత్రం చక్కగా కనిపిస్తుంది.

"బంతి గాల్లో అడ్డదిడ్డంగా కొట్టుకుంటోంది"

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. అందరూ కాలి వైపు చూస్తారు గానీ, పదింట్లో ఎనిమిదిసార్లు తప్పు చేతిలోనే ఉంటుందని నా అనుభవం.

కిందటేడాది ఒక పదకొండేళ్ల అమ్మాయి వీడియోని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపుతూ చూశాం. పరుగు బాగుంది, కాలు ఊపు బాగుంది. కుడి చేత్తో బంతి వదులుతోంది, అదీ సరే. ఎడమ చెయ్యి మాత్రం ఒక్క ఫ్రేమ్ ఆలస్యంగా బంతిని వదులుతోంది. ఆ రవ్వంత ఆలస్యానికే బంతి పైకొన పక్కకు ఒరిగి, బూటు దగ్గరికి వచ్చేసరికి పళ్లెంలో పెట్టిన దోసకాయలా అడ్డంగా పడుకుంటోంది. ఇక ఎంత బాగా కొట్టినా అది సూటిగా తిరగదు.

దీన్ని సరిచేయడానికి మొదట కిక్ ఆపించాలి. నిలబడి బంతిని ఒంటిచేత్తో నేల మీదికి వదలమనండి. కొన మీద నిటారుగా పడితే బంతి దాదాపు నేరుగా పైకి లేస్తుంది, ఒరిగి పడితే ఎటో పోతుంది. తప్పొప్పులు బంతే చెప్పేస్తుంది, మనం నోరు విప్పక్కర్లేదు. రోజుకు యాభైసార్లు చేస్తే చాలు. తర్వాత ఒక్క అడుగు వేసి, అయిదు మీటర్ల దూరంలో ఉన్న మీ ఛాతీకి కొట్టమనండి. అది కుదిరాక పది మీటర్లు, ఆ తర్వాత పదిహేను. బంతిని ఛాతీ ఎత్తు నుంచి వదిలేస్తున్నారేమో కూడా చూడండి. చెయ్యి బంతితో పాటు నడుం కిందిదాకా దిగాలి. ఎంత ఎత్తు నుంచి వదిలితే గాలికీ ఒరగడానికీ అంత సందు దొరుకుతుంది.

ఆ అమ్మాయికి ఆరు వారాలు పట్టింది. మొదటి రెండు వారాలు కిక్ ఇంకా పాడైంది కూడా. ఆ దశలో తల్లిదండ్రులకు టెన్షన్ వస్తుంది, దయచేసి ఓపిక పట్టండి.

"ఎప్పుడూ ఒకే పక్కకు పోతోంది"

ఒకే పక్కకు పోవడం నిజానికి మంచి సంకేతం. చేసే తప్పు నిలకడగా ఉందంటే వెతకడం సులువు. బంతిని ఒంటి మధ్యలో వదిలి, దాన్ని అందుకోవడానికి కాలిని అడ్డంగా తిప్పడం మామూలు కారణం. బంతి కొట్టే కాలి తొడకు ఎదురుగా దిగాలి. మైదానం అంచున సున్నం గీత ఉంటుంది కదా, దాని మీద నడుస్తూ కొట్టించండి. కొట్టిన కాలు తిరిగి గీత మీదే దిగాలి. గీత దాటి అవతల పడితే కారణం దొరికినట్టే.

అయితే వంకర పరుగు కనిపించగానే సరిచేసేయకండి. లాన్స్ ఫ్రాంక్లిన్ ఎడమకాలి ఆటగాడు, గోల్‌కి కొట్టేటప్పుడు పెద్ద వంపు తిరుగుతూ పరుగెత్తేవాడు. అలాగే ఈ ఆటకు అన్నిటికంటే పెద్ద లీగ్ అయిన ఏఎఫ్ఎల్‌లో 1,066 గోల్స్ కొట్టాడు. బంతి సూటిగా పోతుంటే ఆ వంపుని వదిలేయండి.

"గట్టిగానే కొడుతున్నాడు, బంతి మాత్రం చచ్చినట్టు పడిపోతోంది"

బంతి కింది కొనకు సుద్దముక్క రుద్ది కొట్టించండి. బూటు మీద తెల్ల మచ్చ పడుతుంది. లేసుల కింద, పాదం పైనున్న గట్టి ఎముక మీద పడితే బాగున్నట్టే. వేళ్ల దగ్గర పడితే బంతి మరీ ముందుకు పోయింది, చీలమండ మీద పడితే ఒంటికి మరీ దగ్గరగా దిగింది. మచ్చ సరైన చోటే పడినా కిక్‌లో బలం లేదంటే పాదం మెత్తగా వేలాడుతోందన్నమాట. వేళ్లు ముందుకు చాచి, చీలమండ బిగించి కొట్టమనాలి. చెప్పులు లేకుండా మెత్తటి బంతితో కొట్టిస్తే పిల్లలకు ఈ తేడా వెంటనే తెలిసిపోతుంది.

"తోటివాళ్లంత దూరం పోవట్లేదు"

ముందు బంతి సైజు చూడండి. పెద్ద మగవాళ్ల ఆటలో వాడేది 5వ సైజు. 2017లో మొదలైన మహిళల లీగ్‌లో 4వ సైజు వాడతారు. పిల్లలకు వయసును బట్టి ఇంకా చిన్నవి ఉంటాయి. ఎనిమిదేళ్ల మావాడికి నేను షెరిన్ కంపెనీ 5వ సైజు బంతి కొనిచ్చాను, పెద్దయ్యాకా పనికొస్తుందని. వాడు దాన్ని ఎలాగోలా లేపడానికి వెనక్కి వాలడం నేర్చుకున్నాడు. ఆ అలవాటు మానిపించడానికి ఒక శీతాకాలం మొత్తం పోయింది.

బంతి సైజు సరిగానే ఉంటే, పన్నెండు పద్నాలుగేళ్ల మధ్య దూరాన్ని అస్సలు లెక్కలోకి తీసుకోకండి. దూరం ప్రధానంగా తగిలే క్షణంలో పాదం ఎంత వేగంగా ఉందన్న దాన్ని బట్టి వస్తుంది. ముందే ఎదిగిన పిల్లవాడికి కాలి పొడవు, కండ రెండూ కలిసొస్తాయి. మిగతావాళ్లు రెండేళ్లకు ఎదుగుతారు. ఆ వయసులో మోకాలి చిప్ప కింద బుడిపెలా వాచి నొప్పి అంటే కిక్‌లు ఆపించి ఫిజియోకి చూపించాలి. ఓర్చుకుని ఆడమనడం తప్పు.

"ప్రాక్టీస్‌లో బాగా కొడతాడు, మ్యాచ్‌లో చెడగొడతాడు"

పిల్లల సత్తా అంచనా వేయడానికి మ్యాచ్ కంటే మంచి చోటు లేదు. నిలబడి, ఎదురుగా ఎవరూ లేకుండా కొట్టే కిక్ చూసి ఏదీ తేల్చలేం. పూర్తి పరుగులో, ఒకడు వెంటపడుతుంటే, ఆట చివరి భాగమైన నాలుగో క్వార్టర్ అలసటలో కొట్టినవి చూడాలి.

నేను ఒక చిన్న పుస్తకం దగ్గర పెట్టుకుంటాను. ప్రతి కిక్‌కీ రెండు గుర్తులు రాస్తాను. ఎవరికి ఇవ్వాలో సరిగా ఎంచుకున్నాడా, అన్నది మొదటిది. బంతి అక్కడికి చేరిందా, అన్నది రెండోది. ఎంపిక బాగుండి బంతి చేరకపోతే నాకు దిగులుండదు, దాన్ని పైన చెప్పిన పద్ధతుల్లో సరిచేయొచ్చు. తల పైకెత్తకుండా ఉన్న బలమంతా పెట్టి ముందుకు తన్నేవాడి విషయమే కష్టం, వాడికి ఎంత శక్తి ఉన్నా సరే. ఒక మ్యాచ్‌లో మా జట్టులో అందరికంటే చిన్నగా ఉండే కుర్రాడు ఇరవై మీటర్ల కిక్ ఒకటి కొట్టాడు. తోటివాడు ఎడమకు పరుగెత్తుతున్నాడు, అతన్ని కాచేవాడు కుడి భుజానికి ఆనుకుని ఉన్నాడు. బంతి సరిగ్గా ఎడమ భుజం ముందు, రెండడుగుల అవతల దిగింది. పట్టుకున్నవాడు పరుగు కూడా తగ్గించలేదు. గట్టు మీద ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ పూట నేను చూసిన వాటిలో అదే గొప్ప కిక్.

దీనికి సాధన ఇద్దరు ఒకడి మీద ఆడే ఆట. మొదట అడ్డుకునేవాణ్ని నడవమనండి, తర్వాత పరుగెత్తమనండి.

"గోల్ దగ్గర సెట్ షాట్లు పోగొడుతున్నాడు"

సెట్ షాట్ అంటే మార్క్ పట్టాకో, ఫ్రీ కిక్ దొరికాకో ఆగి గోల్‌కి గురిచూసి కొట్టే కిక్. రెండు పొడవాటి స్తంభాల మధ్య దూరం 6.4 మీటర్లు. మధ్యలోంచి పోతే 6 పాయింట్లు, పొడవాటి స్తంభానికీ పక్కనున్న పొట్టి స్తంభానికీ మధ్య పోతే 1. మిగతా ఆటలో కిక్ బాగుండి ఇక్కడే తప్పుతుంటే లోపం వరస లేకపోవడంలో ఉంటుంది. అడుగులు లెక్కపెట్టించండి, ప్రతిసారీ అన్నే ఉండాలి. పెద్దల లీగ్‌లో 30 సెకన్లు ఇస్తారు, తొందరేమీ లేదు. ఏఎఫ్ఎల్ ఆటగాళ్లలో మాథ్యూ లాయిడ్ గడ్డి పీకి గాల్లోకి ఎగరేసేవాడు, జోష్ కెనెడీ తడబడుతున్నట్టు చిన్న అడుగులేసేవాడు. వాళ్ల వరస వాళ్లది. మీ పిల్లల వరస వాళ్లనే ఎంచుకోనివ్వండి.

"ఆలస్యంగా మొదలెట్టాడు, ఇంక వస్తుందా?"

జిమ్ స్టైన్స్ ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో గుండ్రటి బంతితో అక్కడి ఆట గేలిక్ ఫుట్‌బాల్ ఆడి, 1984లో మెల్‌బోర్న్ క్లబ్‌కి వచ్చాడు. 1991లో లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ గెలిచాడు. కాబట్టి పన్నెండేళ్లకు మొదలెట్టడం ఆలస్యమేమీ కాదు. నేను చూసేవి రెండే. ఒక తప్పు చెప్పాక అది ఎన్ని వారాల్లో సర్దుకుంది? సర్దుకున్నది మ్యాచ్‌లో ఒత్తిడి వచ్చినా నిలిచిందా? రెండు నెలల ముందు వీడియో, ఇవాళ్టి వీడియో పక్కపక్కన పెట్టి చూడండి. మన వైపు పిల్లలకు వెస్టర్న్ జెట్స్ లాంటి అండర్-18 జట్లు ఉన్నాయి, ఏఎఫ్ఎల్ క్లబ్బులు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కి పేరివ్వడం పద్దెనిమిదో ఏటి మాట. పదేళ్ల పిల్లల మీద అంతకుముందే తీర్పు చెప్పక్కర్లేదు.

"రెండో కాలితో అసలు కొట్టలేడు"

ఏఎఫ్ఎల్‌లో హాథార్న్ క్లబ్‌కి ఆడిన శామ్ మిచెల్ రెండు కాళ్లతోనూ కొట్టేవాడు, ఏ వైపు మూసేయాలో ఎదుటివాళ్లకు తెలిసేది కాదు. కుడికాలి పిల్లవాడు ఎడమ కాలితో కొట్టేటప్పుడు ఎడమ చేత్తో వదలాలన్నది మర్చిపోతాడు. ముందు ఆ చేత్తో నేల మీదికి వదిలే సాధన చేయించండి. మొదటి నెల అయిదు మీటర్లు చాలు, ప్రాక్టీస్ చివర పది నిమిషాలు, ఎన్ని సరిగా పోయాయో లెక్కపెట్టకుండా.