సర్వర్ ఖాళీగానే ఉంది, సైటు మాత్రం తెరుచుకోదు: స్లోలోరిస్ దాడిని ఎలా ఆపాలి?

తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జికి గదుల బుకింగ్ సైటు నేనే చూసుకుంటాను. రూ.300 దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో వదిలిన రోజు ఆ సైటుకి జనం ఎగబడతారు. దర్శనం దొరికినవాళ్లు వెంటనే గది వెతుక్కుంటారు కదా. అందుకే ఒక పొద్దున ఓనరు ఫోన్ చేసి, "ఏమప్పా, సైటు తెరుచుకోలేదంట, చూడు" అంటే రద్దీ అనుకున్నాను. తీరా చూస్తే ఆ రోజు టికెట్లే వదల్లేదు. సీపీయూ వాడకం 3 శాతం. మెమరీ సగం ఖాళీ. వచ్చిన రిక్వెస్టులు నమోదయ్యే యాక్సెస్ లాగ్‌లో చడీచప్పుడూ లేదు. సైటు మాత్రం తెరుచుకోకుండా తిరుగుతూనే ఉంది.

రైలు టికెట్ కౌంటరు ఊహించుకోండి. ఒకాయన నిలబడి "నాకు..." అంటాడు. అర నిమిషం ఆగి "చెన్నైకి..." అంటాడు. మళ్లీ మౌనం. మాట పూర్తికాలేదు కాబట్టి గుమస్తా ఆయన్ని పంపించలేడు, వెనకున్నవాళ్లని పిలవలేడు. అన్ని కౌంటర్ల దగ్గరా ఇలాంటివాళ్లే నిలబడితే గుమస్తాలు ఊరికే కూర్చునే ఉంటారు, టికెట్ మాత్రం ఎవరికీ దొరకదు. స్లోలోరిస్ చేసేది అదే. బ్రౌజర్ పంపే రిక్వెస్టులో హెడర్లు, అంటే దాని వివరాలు చెప్పే లైన్లు, ఒక ఖాళీ లైనుతో ముగియాలి. దాడి చేసే ప్రోగ్రాము ఆ ఖాళీ లైను ఎప్పటికీ పంపదు, అప్పుడప్పుడు ఒక పనికిరాని హెడర్ మాత్రం విసురుతుంది. ఇలాంటి కనెక్షన్లు కొన్ని వందలు తెరవడానికి పెద్ద బ్యాండ్‌విడ్త్ కూడా అక్కర్లేదు, ఇంట్లో ల్యాప్‌టాప్ చాలు.

దీన్ని 2009లో రాబర్ట్ హాన్సెన్ అనే సెక్యూరిటీ నిపుణుడు బయటపెట్టాడు. పేరు స్లో లోరిస్ అనే జంతువుది. మన శేషాచలం అడవుల్లో రాత్రిళ్లు కొమ్మల మీద తిరిగే దేవాంగపిల్లికి అది దగ్గరి చుట్టం.

మొదటి పని: ఇది రద్దీయా, దాడియా తేల్చుకోండి. సైటుని నడిపే సాఫ్ట్‌వేర్ అపాచీ. దాని సర్వర్ స్టేటస్ పేజీలో ఒక్కో వర్కర్‌కి, అంటే మన ఉదాహరణలో గుమస్తాకి, ఒక్కో అక్షరం కనిపిస్తుంది. నిజమైన రద్దీలో ఎక్కువగా డబ్ల్యూ (జవాబు పంపుతున్నాను), కే (తర్వాతి రిక్వెస్టు కోసం కనెక్షన్ తెరిచి ఉంచాను) కనిపిస్తాయి. స్లోలోరిస్‌లో వరుసంతా ఆర్, అంటే "రిక్వెస్టు ఇంకా చదువుతున్నాను" అని. చిక్కేమిటంటే, ఆ పేజీ తెరవడానికి కూడా ఒక వర్కర్ ఖాళీగా ఉండాలి. అపాచీని రీస్టార్ట్ చేసి, మళ్లీ నిండేలోపే ఆ పేజీ తెరవండి. కుదరకపోతే, కనెక్షన్ల జాబితా చూపే ఎస్ఎస్ అనే లినక్స్ కమాండుతో, హెచ్‌టీటీపీఎస్ సైట్లు వాడే 443 పోర్టుకి ఏ ఐపీ నుంచి ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో లెక్కపెట్టండి. లాగ్‌లో ఏమీ లేకపోవడం చూసి అయోమయపడకండి. రిక్వెస్టు ముగిశాకే యాక్సెస్ లాగ్‌లోకి ఎక్కుతుంది, ఇక్కడ అది ముగియడమే లేదు.

ఎర్రర్ లాగ్ మాత్రం ఒక సలహా ఇస్తుంది: మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్ (ఒకేసారి ఎంతమంది వర్కర్లు) హద్దు నిండింది, పెంచే ఆలోచన చేయండి అని. దయచేసి వినకండి. ఉబుంటులో ప్రీఫోర్క్ పద్ధతికి (ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్) ఇది మొదట 150 ఉంటుంది. నేను టెన్షన్‌లో 300 చేశాను, కాసేపటికే అవీ నిండాయి.

రెండో పని, అప్పటికప్పుడు ఊపిరి తీసుకోవడానికి. ఒకటి రెండు ఐపీల నుంచే వస్తుంటే ఫైర్‌వాల్‌లో ఆపేసి, అపాచీని రీస్టార్ట్ చేయండి. రీస్టార్ట్ మరిచిపోతే, అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు ఫైర్‌వాల్ రూల్‌కి దొరక్కుండా అలాగే కూర్చుంటాయి.

అసలు మందు మూడో పని: అపాచీకి తగిలించే రెక్‌టైమౌట్ అనే మాడ్యూలు. మామూలు టైమౌట్ సెట్టింగు లెక్కపెట్టేది మాటకీ మాటకీ మధ్య మౌనాన్నే, మొత్తం సంభాషణని కాదు. అందుకే దాన్ని తగ్గించినా పెద్ద ఫలితం ఉండదు. ఈ మాడ్యూలు హెడర్లన్నీ ఎంతసేపట్లో ముగియాలో చెబుతుంది. మొదట్నుంచీ ఉండే విలువ "హెడర్=20-40, మిన్‌రేట్=500". అంటే 20 సెకన్ల గడువు, వచ్చిన ప్రతి 500 బైట్లకి ఒక సెకను అదనం, ఎంత వచ్చినా 40 సెకన్లు దాటకూడదు.

మరి మా సర్వర్లో ఇది ఎందుకు కాపాడలేదు? యాత్రికులు ఆధార్ ఫొటో అప్‌లోడ్ చేస్తుంటే మధ్యలో తెగిపోతోందని, నాకంటే ముందు చూసుకున్నాయన మాడ్యూలునే ఆపేసి పోయాడు! ఎలకల బాధకి ఇల్లు తగలబెట్టినట్టు. అప్‌లోడ్లకి సంబంధించింది బాడీ విలువ, అంటే హెడర్ల తర్వాత వచ్చే అసలు డేటాకి ఇచ్చే గడువు. దాన్ని "బాడీ=60, మిన్‌రేట్=200" అని వదులు చేసి, హెడర్ విలువ జోలికి పోకండి. అపాచీ వెర్షన్ 2.4.39 నుంచి హ్యాండ్‌షేక్‌కి (సురక్షిత కనెక్షన్ కుదుర్చుకునే దశకి) కూడా వేరే గడువు ఉంది. మొదట అది 0, అంటే గడువు లేనట్టే, 10 పెట్టుకోండి. కాన్ఫిగ్‌టెస్ట్ నడిపి, తప్పుల్లేవని చూసుకున్నాకే రీలోడ్ చేయండి.

ఇక ఒక్కో ఐపీకి ఇన్ని కనెక్షన్లే అని హద్దు పెట్టే మాడ్యూళ్లున్నాయి. వీటితో జాగ్రత్త. మొబైల్ నెట్‌వర్కుల్లో వందల మంది ఒకే ఐపీ వెనక ఉంటారు. హద్దు 10 అని పెడితే దాడి చేసేవాడి కంటే ముందు మీ కస్టమర్లే బయట నిలబడతారు. వీలైతే అపాచీ ముందు ఇంజిన్‌ఎక్స్ అనే మరో వెబ్ సర్వర్ పెట్టండి. అది ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్‌ని కట్టేయదు, పైగా రిక్వెస్టు పూర్తిగా చేతికొచ్చాకే వెనక్కి పంపుతుంది. మా లాడ్జి సైటుకి చివరికి ఇదే చేశాను. అపాచీ పోర్టు బయటికి తెరిచి ఉంచితే మాత్రం ఈ పనంతా దండగే.

చివరగా స్లోహెచ్‌టీటీపీటెస్ట్ అనే టూల్‌తో మీ సర్వర్‌నే పరీక్షించండి. పక్కవాళ్ల సైటు మీద సరదాకి కూడా వద్దు, ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. మీ హోస్టింగ్ కంపెనీకి ముందే ఒక మాట చెప్పి, బుకింగులు ఉండని వేళ, మేమైతే రాత్రి ఒంటిగంట తర్వాత, 200 కనెక్షన్లతో మొదలుపెట్టండి. 40 సెకన్లలోపు కనెక్షన్లు ఒక్కొక్కటే రాలిపోతూ లాగ్‌లో 408 కోడ్ (రిక్వెస్టు గడువు దాటింది) వరసగా పడుతుంటే సెట్టింగు పనిచేస్తున్నట్టే. అదే సమయంలో ఫోన్లో వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో సైటు తెరిచి, ఒక ఫొటో అప్‌లోడ్ చేసి చూడండి.