ఏటిగట్టు మీద సైకిల్ తొక్కండి, ఏట్లో మాత్రం దిగకండి

మొన్న ఆదివారం మా ఊరి దగ్గర గోదారి గౌతమి పాయలో ఇద్దరు ఇంటర్ కుర్రాళ్లు పోయారు. పొద్దున్నే నలుగురు స్నేహితులు ధవళేశ్వరంలో సైకిళ్లెక్కి, ఏటిగట్టు వెంట కడియపులంక దాటి వచ్చారు. ఒళ్లంతా చెమట. స్నానం చేద్దామని దిగారు. ఇద్దరే పైకొచ్చారు.

సెలవులిచ్చేశారు, ఇంకా చాలామంది పిల్లలు ఈ గట్టు మీదికి వస్తారు. టోపీ పెట్టుకోండి, నీళ్ల సీసా మర్చిపోకండి అని నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒకటే: ఏట్లో దిగకండి.

వేసవిలో గోదారిని చూస్తే భయం వేయదు. ఎటు చూసినా ఇసుక తిన్నెలు, మధ్యలో పాయలు పాయలుగా నీళ్లు, అవతల గేదెలు నడిచి దాటుతుంటాయి. మోకాలి లోతే కదా అనిపిస్తుంది. నిజమే, నాలుగడుగులు వేసేదాకా మోకాలి లోతే. ఇసుక తవ్విన చోట గుంతలు అలాగే ఉండిపోతాయి. వాటిలో నీళ్లు నిండాక పైనుంచి చూస్తే గుంతేదో పాయేదో తెలియదు. మర్నాడు పడవలో వెళ్లి ఆ చోట గెడ దించి చూశాను. ఒకచోట జానెడే తడిసింది. పడవ రెండు గజాలు జరిగిందో లేదో, పన్నెండడుగుల గెడ నా చెయ్యి దాకా మునిగిపోయింది, అడుగు తగల్లేదు. గుంత అంచున ఇసుక వదులుగా ఉంటుంది, నిలబడగానే కాళ్ల కింద నుంచి జారిపోతుంది. పట్టుకుని ఎక్కుదామంటే అదీ కూలుతుంది. ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడే అలిసిపోతారు. పోయిన ఇద్దరికీ ఈత వచ్చు.

ఇద్దరు ఎందుకు పోయారంటే, మొదటివాడి కోసం రెండోవాడు దూకాడు. మునిగేవాడు ప్రాణభయంతో మెడ పట్టేసుకుంటాడు, ఇక విడిపించుకోలేం. అందుకే దూకకండి. స్పేర్ ట్యూబు ఉంటే పంపుతో గాలి కొట్టి విసరండి. తువ్వాళ్లు ముడేసి అందించండి. జాలర్లను కేకేయండి, 108కి ఫోన్ చేయండి.

ఇక ఎండ సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. ఆరు లోపు బయల్దేరి తొమ్మిదికల్లా ఇంట్లో ఉండాలి. పడమటి గాలి తోలే రోజు ధవళేశ్వరం నుంచి కిందికి వస్తుంటే గాలి వీపు మీద ఉంటుంది, సైకిల్ దానంతటదే పోతున్నట్టుంటుంది. తిరిగి వెళ్లేటప్పుడు అదే వడగాలై మొహాన కొడుతుంది, వచ్చిన దూరమే రెట్టింపనిపిస్తుంది. సీసాలో మూడో వంతు నీళ్లు తాగగానే వెనక్కి తిరగండి. ఎవరికైనా మాట తడబడినా, పిచ్చిపిచ్చిగా మాట్లాడినా అది వడదెబ్బే. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు చల్లి విసరండి, వెంటనే 108 పిలవండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

ఏట్లోంచి ఇసుక తోలే ర్యాంపుల దగ్గర లారీ వస్తుంటే సైకిల్ దిగి, పొలాల వైపు నిలబడండి. ఆ దుమ్ములో డ్రైవరుకు మీరు కనపడరు. ఇయర్‌ఫోన్స్ తీసేయండి. పక్కపక్కన తొక్కకండి. కుక్కలు వెంటపడితే స్పీడు పెంచకండి, దిగి సైకిల్ అడ్డం పెట్టుకుని నడవండి. కరిస్తే పావుగంట సబ్బుతో కడిగి, ఆ రోజే ఇంజెక్షన్ వేయించుకోండి. సాయంత్రం మబ్బు పట్టి ఉరిమితే తాడిచెట్టు కింద, కొబ్బరిచెట్టు కింద నిలబడకండి. బ్యారేజీ గేట్ల కింద ఫొటోలు వద్దు. యానాం వైపు వెళ్తే సముద్రపు ఆటుపోట్లు చూసుకోండి, పొద్దున నడిచి దాటిన చోట మధ్యాహ్నం నిలువులోతు ఉండొచ్చు. చిన్నపిల్లల్ని ఒంటరిగా పంపకండి. బంతి నీళ్లలో పడిందా, పోనివ్వండి. చెప్పు కొట్టుకుపోయిందా, పోనివ్వండి. కాళ్లు కడుక్కోవాలంటే గట్టు దిగితే ఏ ఊళ్లోనైనా బోరింగు ఉంటుంది, అక్కడ కడుక్కోండి. ఏట్లో దిగకండి.