పిల్లలకి క్లిప్పులు వేయిస్తున్నారా? పసుపు గురించి కాదు, తెల్లమచ్చ గురించి జాగ్రత్త

పరీక్షలైపోయాయి, సెలవుల్లో పళ్ళకి క్లిప్పులు వేయించేద్దాం అని ఇప్పుడు హైదరాబాద్‌లో చాలా ఇళ్ళల్లో అనుకుంటూ ఉంటారు, సరిగ్గా ఇదే టైంలో ఇంట్లో కొత్తావకాయ, ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకులు, సందు చివర చెరుకు రసం బండి.

మా పాపకి వేయించిన వారానికే రబ్బర్లు పచ్చబడిపోతే నేను తెగ కంగారుపడ్డా. అవి ట్రాన్స్‌పరెంట్‌వి కదా, కూరల్లో పసుపు పట్టేస్తుంది, నాలుగైదు వారాలకి డాక్టర్ ఎలాగూ మార్చేస్తారు, చూడబుద్ధి కాకపోతే ముదురు రంగువి అడగండి. అసలు భయపడాల్సింది వేరే. పై పన్ను మీద, బ్రాకెట్‌కీ (పన్నుకి అతికించే చిన్న ముక్క) చిగురుకీ మధ్యలో, సుద్ద పూసినట్టు మెరుపు లేని తెల్లటి గీత, పన్ను తడి ఆరితేనే కనిపించింది. పాచిలో బ్యాక్టీరియా తీపి తిని యాసిడ్ వదిలితే పన్ను పైపొర ఎనామిల్‌లో ఖనిజాలు కరిగి అలా అవుతుందంట, నెలలోపే మొదలవ్వచ్చు, క్లిప్పులు తీశాక కూడా పూర్తిగా పోతుందని చెప్పలేం.

అందుకే ముందే క్లీనింగ్, పుచ్చులుంటే ఫిల్లింగ్ చేయించేయండి. వెలుతురులో పళ్ళ ఫోటోలు తీసి పెట్టుకోండి, నల్గొండ వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగి, పళ్ళ మీద ముందే మచ్చలున్న పిల్లలైతే మరీను, లేకపోతే పాత మచ్చేదో కొత్తదేదో తర్వాత తేల్చుకోలేం.

వేశాక బ్రష్ మీదే దృష్టంతా. బ్రాకెట్ పైవైపు చిగురు అంచున ఒకసారి, కిందవైపు నుంచి ఒకసారి, తీగ కింద దూరే చిన్న బ్రష్‌తో ఇంకోసారి, రాత్రిపూట మాత్రం అస్సలు మానొద్దు. పేస్ట్‌లో ఫ్లోరైడ్ కనీసం 1000 పీపీఎం ఉందో లేదో ట్యూబ్ మీద చూడండి. కూల్‌డ్రింక్ సాయంత్రమంతా కొంచెం కొంచెంగా చప్పరించడం అన్నిటికంటే చెడ్డది, తాగితే భోజనంతో ఒకేసారి తాగేసి నీళ్ళతో పుక్కిలించాలి, వెంటనే బ్రష్ చేయకుండా ఒక అరగంట ఆగాలి.

వైటెనింగ్ మాత్రం ఇప్పుడొద్దండి, బ్రాకెట్ కింద భాగానికి అందదు, తీశాక రెండు రంగులు కనిపిస్తాయి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ కూడా డాక్టర్ చెప్పినన్ని రోజులే, ఎక్కువ వాడితే గోధుమరంగు మరకలొస్తాయి.

తెల్లగీత కనిపిస్తే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఆ రోజే ఫోన్ చేయండి, మొదట్లోనే అయితే ఫ్లోరైడ్ వార్నిష్ పూసి ఆపడానికి వీలుంటుంది. నేను మూడు వారాలు ఆగా.