ఇంటి కూడికలో విశ్వాసం గురించి మాట్లాడుకోవడం ఎలా?

హనుమకొండలోని మా ఇంట్లో పద్నాలుగేళ్లుగా ప్రతి నెలా రెండో గురువారం సాయంత్రం కొందరిని భోజనానికి పిలిచి దేవుని గురించి, బతుకు గురించి మాట్లాడుకుంటున్నాము. ఇటువంటి కూడికలు ఇతరుల ఇళ్లలోనూ చాలా చూశాను. ఎక్కువచోట్ల మైకు పెట్టి గంటసేపు బైబిలు వాక్యం చెప్పి, చివరన బిర్యానీ పెట్టి పంపిస్తారు. వచ్చినవారికి అన్నం దొరుకుతుంది కానీ నోరు తెరిచే వీలు దొరకదు.

ఎనిమిది మందికి మించి పిలవకూడదు. వారిలో కనీసం ముగ్గురు మన చర్చి సంఘానికి చెందనివారై ఉండాలి: పక్కింటివారు, కాజీపేటకు కొత్తగా బదిలీ అయి వచ్చినవారు, ఏ గుడికీ వెళ్లనివారు. బైబిలులో రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలో ‘ఆతిథ్యము’ అని మనం చదివే చోట మూలంలోని గ్రీకు మాట ‘ఫిలోక్సేనియా’కు పరాయివారి పట్ల ప్రేమ అని అర్థం. పిలిచేటప్పుడే, భోజనం తర్వాత దేవుని గురించి మాట్లాడుకుంటామని, చివరన చిన్న ప్రార్థన ఉంటుందని స్పష్టంగా చెప్పాలి. తిండికని పిలిచి ప్రార్థనకు కూర్చోబెట్టడం మోసమే.

నేలమీద పరవడానికి రెండు కొత్తవాడ శత్రంజీలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు కుర్చీలు, ఒక బైబిలు చాలు. అన్నం, పప్పుచారు, ఒక కూర వండండి. మాంసం తిననివారు ఉన్నారేమో ముందే కనుక్కోండి. వంట చీకటి పడకముందే ముగించి, ఇంటి ఆడవారు కూడా అతిథులతోపాటే కూర్చొని తినాలి, మగవారు వడ్డించాలి. మాటలు ఎప్పుడూ భోజనం తర్వాతే.

ఇలా స్నేహితుల్లా కలిసి కూర్చోవాలన్న ఆలోచన మన ప్రాంతానికి పరాయిది కాదు. 1912లో మన తెలంగాణలోని దోర్నకల్‌కు తొలి బిషప్పు అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి సంప్రదాయపు) సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీలను అడిగినది స్నేహితులను ఇవ్వమని. వారి త్యాగాలను గౌరవిస్తూనే, తమకు ప్రేమ కూడా కావాలని ఆయన చెప్పిన మాట, పెట్టే చేయి తనదేనని గర్వించే ప్రతి ఇంటివారూ వినవలసినది.

ఇక అందరూ చెడగొట్టే ఘట్టం మొదటి ప్రశ్న దగ్గర వస్తుంది. “మీరు దేవుణ్ణి నమ్ముతారా?” అని అడిగితే అతిథి పరీక్షకు కూర్చున్నట్టు బిగుసుకుపోతాడు. “ఈ నెలలో మీ మనసును ఎక్కువగా పట్టి ఉంచిన సంగతి ఏమిటి?” అని అడగండి. అడిగాక ఊరుకోండి. మన ఇళ్లలో నలుగురు కూర్చున్నచోట మాట ఆగితే మర్యాద తప్పినట్టు అనిపించి, ఎవరో ఒకరు వెంటనే పాట ఎత్తుకుంటారు. ఎత్తుకోనివ్వకండి. లూకా సువార్త 24వ అధ్యాయంలో ఎమ్మాయు అనే ఊరి దారిన నడుస్తున్న ఇద్దరు శిష్యులను, సిలువపై చనిపోయి తిరిగి లేచిన యేసు మొదట మీరు దేని గురించి మాట్లాడుకుంటున్నారని అడిగాడు. జరిగినదంతా తనకు తెలిసినా ‘అవి ఏవి’ అని మళ్లీ అడిగి, వారి నిరాశను చివరిదాకా చెప్పనిచ్చాడు. లేఖనాలను వివరించింది ఆ తర్వాతే.

ఈ పాఠం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒక ఏడాది పత్తి దెబ్బతిని అప్పుల్లో పడిన రైతు ఒకాయన మా ఇంట్లో కూర్చొని, “నా మొర వినేవాడు ఉన్నాడా?” అన్నాడు. ఆయన మాట ముగియకముందే నేను బైబిలులో, అన్నీ పోగొట్టుకొని బాధపడిన యోబు గురించి చెప్పే యోబు గ్రంథం తెరిచాను. ఆయన తల ఊపి, చాయ్ తాగి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. అదే యోబు దగ్గర అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద మౌనంగా కూర్చున్నారని, వారి తప్పంతా నోరు విప్పాకే మొదలైందని నాకు ఆ పూట గుర్తుకు రాలేదు.

కాబట్టి ఎవరైనా బాధ చెప్పుకున్నప్పుడు ముందుగా వారి మాటను మీ మాటల్లో తిరిగి చెప్పి, “నాకు సరిగ్గానే అర్థమైందా అక్కా?” అని అడగండి. వాక్యం చదవమంటారా అని అనుమతి తీసుకోండి. వద్దంటే మూసేయండి, సరేనంటే ఒక్క భాగమే చదవండి. మధ్యలో సంఘ పెద్ద ఎవరైనా ప్రసంగం అందుకుంటే, “అన్నా, ఆయన చెప్పడం పూర్తికానివ్వండి” అని నెమ్మదిగా ఆపవలసినది ఇంటివారే. ఇతరుల దేవుళ్లతో పోలిక అసలు తేకూడదు.

ప్రార్థనలో మరింత జాగ్రత్త అవసరం. ఏ విషయం కోసం ప్రార్థించాలో అతిథినే అడగండి, ఆయన చెప్పినదానికే పరిమితం కండి. నమ్మి చెప్పుకున్న ఇంటి గుట్టును ప్రార్థనలో పైకి పలికితే తెల్లవారేసరికి అది వాడంతా తిరుగుతుంది. మూడు నిమిషాల్లో ముగించి, తొమ్మిది గంటలకల్లా గేటు దాకా వెళ్లి సాగనంపండి.

తర్వాత వారు బతుకమ్మకో, బోనాలకో, రంజాను విందుకో పిలిస్తే తప్పక వెళ్లాలి. నైవేద్యం తినడానికి మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే ఆ సంగతి వినయంగా చెప్పి, వారు కూర్చోమన్నచోట కూర్చొని, వారు అడిగినదానికి జవాబు చెప్పండి.