ఇంగ్లిష్ మాటల వాడుక – 7వ పాఠం: హార్డ్లీ

వాక్యంలో ‘ఓన్లీ’ చోటు మారితే అర్థం ఎలా మారుతుందో పోయిన పాఠంలో చూశాం. ఈసారి ‘హార్డ్లీ’.

ఈ మాట మనకు కొత్త కాదు. హనుమకొండ చౌరస్తాలో ఎవరినైనా ఆపి కాజీపేట స్టేషన్‌కు ఎంతసేపని అడగండి. “హార్డ్లీ ఇరవై నిమిషాలు” అంటారు. మహా అయితే ఇరవై, అంత కూడా పట్టకపోవచ్చు అని. ఆ ‘కూడా పట్టకపోవచ్చు’లో ఒక ‘లేదు’ దాగి ఉంది. దాన్ని పట్టుకుంటే ఈ పాఠం సగం వచ్చినట్టే.

పరకాల దగ్గరి ఊరి నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి, ఇంటర్వ్యూ కోసం తన గురించి రాసుకున్న పది వాక్యాలు నాకు చూపించింది. అందులో ఒకటి “మై ఫాదర్ వర్క్స్ హార్డ్లీ.” వాళ్ల బాపు పత్తి రైతు. తెల్లారకముందే చేనుకు పోయే మనిషి, పంటను ఎనుమాముల మార్కెట్‌కు చేర్చేదాకా నిద్రపోని మనిషి. ఆ వాక్యమేమో ఆయన పని చేసినా చేయనట్టే అంటోంది. చదువుతుంటే మనసు చివుక్కుమంది. తప్పు ఆ పిల్లది కాదు. ‘క్విక్’కు ‘క్విక్లీ’, ‘స్లో’కు ‘స్లోలీ’ అని నేర్పారు గానీ, ‘హార్డ్’ దగ్గర ఆ లెక్క కుదరదని ఎవరూ చెప్పలేదు. కష్టపడి పనిచేస్తాడు అనాలంటే “మై ఫాదర్ వర్క్స్ హార్డ్.” అంతే, వెనక ఏ తోకా వద్దు. ‘లేట్’ కూడా ఇలాంటిదే: ‘లేట్’ అంటే ఆలస్యంగా, ‘లేట్లీ’ అంటే ఈమధ్య.

ఒకప్పుడు ఇంగ్లిష్‌లోనూ ‘హార్డ్లీ’ అంటే గట్టిగా, బలంగా అనే అర్థం ఉండేది. తర్వాత ‘కష్టం మీద’ అయింది, చివరికి ‘దాదాపు లేదు’ దగ్గర నిలిచింది. జ్వరం వచ్చిన పిల్లాడు “కష్టం మీద నాలుగు ముద్దలు తిన్నాడు” అంటే మనకు వినిపించేది ఏమీ తినలేదనే కదా. మాట అలాగే జారింది.

ఇప్పుడు అసలు మెలిక. తెలుగులో ‘లేదు’ను క్రియలో పెడతాం: “వాడు పెద్దగా తినడు.” ఆ అలవాటుతో “హి డజంట్ హార్డ్లీ ఈట్” అనేస్తాం. ‘హార్డ్లీ’లోనే ‘లేదు’ ఉంది కాబట్టి ‘డజంట్’ పెట్టకూడదు. “హి హార్డ్లీ ఈట్స్” చాలు. చివర ప్రశ్న తగిలించినా “డజ్ హి?” అనే అనాలి, “డజంట్ హి?” అనకూడదు.

మామూలుగా దీని చోటు అసలు క్రియకు ముందు. ‘కెన్’ లాంటి సహాయక క్రియ ఉంటే దాని తర్వాత. స్టేషన్ గోలలో ఫోన్ ఎత్తి “ఐ కెన్ హార్డ్లీ హియర్ యూ” అంటే, నీ మాట సరిగ్గా వినిపించట్లేదని. ‘హార్డ్లీ ఎనీ వాటర్’ అంటే నీళ్లు ఉన్నా లేనట్టే. ‘హార్డ్లీ ఎవర్’ అంటే దాదాపు ఎప్పుడూ కాదు.

పోటీ పరీక్షల్లో తరచూ ఇచ్చే వాక్యం ఇంకో రకం: “హార్డ్లీ హ్యాడ్ వి రీచ్డ్ కాజీపేట వెన్ ద ట్రైన్ లెఫ్ట్.” దీన్ని చూసి టెన్షన్ పడకండి, మన దగ్గర దీనికి అచ్చమైన జోడీ ఉంది: “మేం కాజీపేట చేరామో లేదో రైలు కదిలింది.” మన ‘లేదో’ చేసే పనే అక్కడ ‘హార్డ్లీ’ చేస్తుంది. అది వాక్యం మొదట్లోకి వస్తే ‘హ్యాడ్’ కర్తకు ముందుకు వస్తుంది. తర్వాత ‘వెన్’ రావాలి. ‘దాన్’ వచ్చేది ఇదే అర్థమిచ్చే ‘నో సూనర్’ వెంట.

ఈ మూడూ ఇంగ్లిష్‌లో నోటుబుక్కులో రాయండి:

వాన వెలిసిందో లేదో కరెంటు వచ్చింది.
మా తమ్ముడు దాదాపు ఎప్పుడూ ఫోన్ ఎత్తడు.
మా అమ్మ చాలా కష్టపడి పనిచేస్తుంది.

జవాబులు 8వ పాఠంలో. అందులో మన ‘ఇంకా’ ఒక్కటీ చేసే పనిని ‘స్టిల్’, ‘యెట్’ ఎలా పంచుకుంటాయో చూద్దాం.