చేతినిండా పని ఉండగా ఇంకోటి అప్పగిస్తే ఇంగ్లిష్‌లో ఏమనాలి?

మేనేజర్ కొత్త పని చెప్పగానే "నో, ఐ కాంట్" అనేయకండి. అలాగని "ఓకే సర్" అంటూ నెత్తికెత్తుకోనూ వద్దు. "షూర్, ఐ కెన్ టేక్ దిస్ అప్. విచ్ వన్ షుడ్ ఐ ఫినిష్ ఫస్ట్?" అని అడగండి. ఏది ముందో తేల్చాల్సింది అప్పుడు వాళ్లే, మీరు పని వద్దన్నట్టూ ఉండదు.

గడువు కుదరదనుకుంటే "ఐ కెన్ గివ్ ఇట్ బై థర్స్‌డే మార్నింగ్. వుడ్ దట్ వర్క్?" అనండి. రోజు, పూట చెప్పడమే ముఖ్యం. ఉత్త "ఐ విల్ ట్రై" విన్నవాళ్లకి ఏమీ తేలదు.

మెయిల్‌కి జవాబు రాలేదా? "వై డిడ్‌న్ట్ యూ రిప్లై?" బదులు "జస్ట్ చెకింగ్ ఇఫ్ యూ హ్యాడ్ ఎ ఛాన్స్ టు లుక్ ఎట్ దిస్" చాలు. ప్రతి వాక్యానికీ "కైండ్లీ" తగిలించక్కర్లేదు, ఎక్కువైతే కసురుకున్నట్టే ఉంటుంది.