ఉదయగిరి కొండకి పోతున్నారా, ఎలుగ్గొడ్డు ఎదురైతే ఏం చెయ్యాల

మొన్న మావోడొకడు డబల్ రైఫిల్ చేయించుకుంటే ఎలుగ్గొడ్డుని కొట్టచ్చా అన్నాడు. రెండు బ్యారెళ్లు పక్కపక్కనే ఉంటయ్, మొదటి తూటా తప్పినా రెండోది వెంటనే పేల్చచ్చు, అది నిజమే, కానీ మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఎలుగుబంటి షెడ్యూల్ 1లో (అన్నిటికన్నా గట్టి రక్షణ ఉండే జంతువుల జాబితా) ఉంది అబ్బయా, కొడితే 3 నుంచి 7 ఏళ్లు జైలు. కాబట్టి తప్పించుకునేది నేర్చుకోండి.

ఉదయగిరి, సీతారామపురం, భైరవకోన వైపు పొయ్యేటప్పుడు తెల్లారుజామున, మసక చీకట్లో పోబాకండి. ఒంటరిగా అసలొద్దు. దానికి చూపు తక్కువ, వాసన మాత్రం గట్టిగా పడతది, తల కిందకేసి చెదల పుట్ట తవ్వుకుంటా ఉంటే మనం దగ్గిరికొచ్చేదాకా తెలీదు, అప్పుడు ఉలిక్కిపడి మీదకొస్తది, అందుకే గట్టిగా మాట్లాడుకుంటా, కర్రతో బండల మీద కొట్టుకుంటా నడవండి. కొత్తగా తవ్విన పుట్ట కనపడిందా, అట్నే వెనక్కి రండి. నేరేడు పండ్ల కాలంలో, ఎండాకాలం నీటి గుంటల కాడ ఇంకా జాగర్త.

దూరంగా కనపడితే మెల్లిగా వెనక్కి తగ్గండి. పరిగెత్తబాకండి, మనకన్నా అదే స్పీడు. చెట్టెక్కినా లాభం లేదు, అదీ ఎక్కుద్ది (తేనె కోసం ఎక్కేదే గదా). వీపు మీద పిల్లలుంటే తల్లి అసలు ఊరుకోదు.

మీద పడిందంటే బోర్లా పడుకుని, చేతులు మెడ వెనక గట్టిగా పెనవేసుకోండి, అది ముందు మొహం, తల మీదకే పోతది. పొయ్యిందని నమ్మకం కుదిరేదాకా లేవబాకండి.